పదో వరుస

క్రివా స్లివా బస్ షెల్టర్‌లో
నలభై ఒక్క ముఖాలున్నాయి.
అన్నీ కాగితం మీదివి.
బల్గేరియాలో చావు కబురు ఇలాగే అంటిస్తాం:
ఫొటో, పేరు, ఏళ్ళు, అడుగున ఏడ్చేవాళ్ళ పేర్లు.
వానకి కొందరి కళ్ళు కారిపోయాయి.
జాగా చాలక కొందరి మీద కొందరిని అంటించారు.

ఊళ్ళో ఉన్నది తొమ్మిదిమంది.
జనాభా లెక్క రాయడానికి
సోమవారం పది గంటల బస్సులో దిగాను,
పదకొండున్నరకి అదే బస్సెక్కి పోదామని.
తొమ్మిది తలలకి గంటన్నర ఎక్కువే అనుకున్నాను.

మొదటి ఇంట్లో గ్రోజ్దాన్ తేనె నాకిస్తే గాని
వయసు చెప్పలేదు.
మింకోకి వినపడదు.
ప్రతి ప్రశ్నా కాగితం మీద రాసి చూపించాను,
ప్రతి జవాబూ అతను అరిచి చెప్పాడు.
ఆ పక్క గడపలో తోడికోడళ్ళు,
పొయ్యి ఒకటే, పొగగొట్టం ఒకటే,
మాటల్లేక పద్నాలుగేళ్ళు.
ఒకామెనడిగితే రెండో ఆమె వయసు కూడా చెప్పింది,
రెండేళ్ళు కలిపి.

చివరి ఇల్లు త్సోనాది, కొండ మీద.
మోకాలి లోతు మంచు.
ఒక్కదానివేనా అంటే తల అడ్డంగా ఊపింది,
మా వైపు అది అవును.
తర్వాత మేక పేరు కూడా రాయమంది.
కుదరదన్నాను.
"అది నడిచి సంతకి పోగలదు, నేను పోలేను.
మరి మనిషి లెక్క ఎవరిది?"

అప్పుడే కింద హారన్ మోగింది, రెండుసార్లు.
డ్రైవర్ దోబ్రి మంచివాడు, మూడోసారి కూడా మోగించాడు.
సగం కొండ దిగేసరికి
రోడ్డు మీద చక్రాల గీతలే ఉన్నాయి.

సిగ్నల్ కోసం చర్చి గోడెక్కి ఆఫీసుకి ఫోన్ చేశాను.
ఉన్న ఒక్క జీపూ
ఓట్లున్న ఊరికి పోయిందట.
గురువారం బస్సు దాకా ఆగమన్నారు.

ఆ రాత్రే లెక్క రాత్రి.
నిబంధన నాకు కంఠతా వచ్చు, ఎందరికో నేనే నేర్పాను:
ఆ రాత్రి ఎక్కడ పడుకున్నవాళ్ళు
అక్కడి మనుషులే.

త్సోనాకి ఇంకో నిబంధన కంఠతా వచ్చు.
తలుపు వెనక మేకుకి గుచ్చి ఉంది, మునిసిపాలిటీ స్టాంపుతో:
పదిమందికి తగ్గిన ఊరికి
వచ్చే వేసవి నుంచి బస్సు లేదు.
దాని గురించి ఆమె నోరెత్తలేదు.
నా తడి మేజోళ్ళు పొయ్యి మీద తీగకి ఆరేసింది.
బీన్స్ సూపు పోసింది, గోడ పక్కన పరుపు పరిచింది.
"పెన్నులో ఇంకుందా?" అని మాత్రం అడిగింది.

పదో వరుసలో రాసుకున్నాను.
విహ్రా వెల్కోవా. ముప్ఫై నాలుగు. ఆడ.
వృత్తి: లెక్కపెట్టడం.
ఇక్కడ ఎంతకాలం ఉంటారన్న గడి దగ్గర
చెయ్యి ఆగింది.
పైవన్నీ నా చేతిరాతే:
చచ్చేదాకా, చచ్చేదాకా, దేవుడెరుగు,
చచ్చేదాకా.
బస్సొచ్చేదాకా, అని రాశాను.
అబద్ధమేం కాదు.
పట్నంలో మా మెట్లున్న ఐదంతస్తుల్లో
ఆ రాత్రి ఒక మనిషి తగ్గింది.
ఎవరికీ తెలీలేదు.

గురువారం దోబ్రి రొట్టెల సంచులు దించాడు,
మందుల పొట్లం, గొర్రెబొచ్చు కత్తెర,
ఒక జిగురు డబ్బా.
జిగురు ఎవరికని అడగలేదు.
షెల్టర్ గోడ మీద ఖాళీ జాగా కోసం
కళ్ళు వాటంతటవే వెతికాయి.

త్సోనా కొండ దిగలేదు.
మింకో చేత వాల్‌నట్ మురబ్బా సీసా పంపింది.
నాకు కాదట,
పట్నం బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే
చెల్లెలికట.
మింకో ఆ మాట ఊరంతా వినేలా చెప్పాడు.

ఒకటి, అన్నాడు దోబ్రి, టికెట్టు చింపుతూ.
ఇరవై ఆరు సీట్లు.
సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
మూత సరిగా బిగించలేదు.
మలుపు మలుపుకీ కోటు మీద
ఒక్కో జిగట చుక్క.